ఎలుకలమ్మ కిడ్నీ

బంగాళాదుంపల చెక్కు తీసి, పల్చగా తరిగి, పెద్ద గిన్నె నిండా నీళ్ళు పోసి నానబెట్టాలి. ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నీళ్ళు పోసి ఉడికించాలి. ఆ నీళ్ళూ పారబోయాలి. అప్పుడు ముక్కల్లో ఉన్న పొటాషియం చాలావరకు నీళ్ళతోపాటు సింకులోకి పోతుంది, దాని వెనకే రుచి కూడా పోతుంది, ఇంక మిగిలినదాన్ని అత్తగారి కంచంలో పెట్టాలి. అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, కాసేపు అటూ ఇటూ తిప్పి, "తడి అట్ట నములుతున్నట్టుంది అమ్మాయ్, పగవాళ్ళకి కూడా పెట్టరు ఇలాంటిది" అంటుంది. ఆ మాట పూటపూటా అంటుంది. ఆవిడ తప్పేం లేదు, నిజంగానే తడి అట్టలా ఉంటుంది, కోడలు కూడా రుచి చూసింది. పక్క పొయ్యి మీద భర్తకి వేరే కూర. అందులో ఉప్పూ కారం సమంగా పడాలి, లేకపోతే "అమ్మ కూర నాకు పెట్టావా ఏంటి" అని ఒక నవ్వు నవ్వుతాడు. ఆమె తినేది మాత్రం ఏ గిన్నెలో ఏది మిగిలితే అది.

ఇవన్నీ ఆమె నెత్తినే ఎందుకు పడ్డాయంటే, ఆమెది ఆ ఫీల్డే కనక. ఆ మాట భర్తది. అత్తగారి కిడ్నీలు రెండూ పాడయ్యాయని తెలిసిన రోజు, హాస్పిటల్ బయట కారు తాళం వేలికి తిప్పుకుంటూ, "మనకేం భయం లేదులే, నీది ఆ ఫీల్డే కదా" అన్నాడు. ఆ రోజు నుంచి ఏ మాత్ర తిండికి ముందు, ఏది తర్వాత, రోజు మొత్తానికి ఎన్ని నీళ్ళు, ఆ నీళ్ళలో టీ లెక్కకి వస్తుందా రాదా, డయాలసిస్‌కి ఎవరు తీసుకెళ్ళాలి, చేతికి సూది గుచ్చే చోట కట్టు ఎప్పుడు మార్చాలి, అన్నీ ఆ ఫీల్డులోకే వచ్చేశాయి. తడిబట్టలు ఆరేయడం, గ్యాస్ అయిపోతే ఫోన్ చేయడం కూడా ఎలాగో తోసుకుని ఆ ఫీల్డులోకే వచ్చాయి. భర్త ఫీల్డు వేరు. ఆయన ఇళ్ళు కట్టించే కంపెనీలో ఇంజనీరు. ఆ లెక్కన పడకగది గోడకి చెమ్మ పడితే ఆయన చూడాలి. కానీ దానికి మనిషిని పిలిచి, బేరమాడి, పని దగ్గరుండి చేయించింది ఎవరనుకున్నారు, మళ్ళీ ఆమే.

ఇంతకీ ఆమె ఫీల్డు ఎలుకలు. ఒక రీసెర్చ్ ల్యాబ్‌లో, కిటికీల్లేని గదుల్లో, అరల నిండా పేర్చిన ప్లాస్టిక్ పెట్టెల్లో ఎలుకలు. వాటికి తిండీ నీళ్ళూ, కింద పొట్టు మార్చడం, పిల్లల్ని తల్లి నుంచి వేరుచేయడం, రక్తం తీయడం, తీసిన రక్తాన్ని పరీక్షించడం ఆమె పని. ల్యాబ్‌లో అందరూ ఆమెని ఎలుకలమ్మ అంటారు. మొదట ఎవరో సరదాకి అన్నారు, తర్వాత ల్యాబ్ నడిపే పెద్దసారు కూడా అందుకున్నాడు, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళు అదే అసలు పేరనుకుంటున్నారు. నిజానికి ఆమె అక్కడ చేరింది పీహెచ్‌డీకి. సగంలో ఉండగా పెళ్ళయింది. "ముందు ఇల్లు చక్కబెట్టుకో, చదువెక్కడికి పోతుంది" అన్నారు. చదువు నిజంగానే ఎక్కడికీ పోలేదు, ఆ సగం దగ్గరే ఉంది. పెద్దసారు జాలిపడి టెక్నీషియన్ ఉద్యోగం ఇచ్చాడు. తను జాలిపడ్డానని ఆయన ఏడాదికొకసారైనా గుర్తుచేస్తాడు.

అక్కడి పనంతా ఒక్క ప్రోటీన్ చుట్టూ తిరుగుతుంది. దాని పేరు క్లోతో. ఎవరైనా గొప్పవాళ్ళు ల్యాబ్ చూడ్డానికి వస్తే, మనిషి ఆయుష్షు దారం వడికే గ్రీకు దేవత పేరండీ ఇది, అని పెద్దసారు గొంతు సవరించుకుంటాడు. ఎక్కువగా కిడ్నీలోనే తయారవుతుంది, రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది, ఎముకల్నీ రక్తనాళాల్నీ మెదడునీ కాచుకుంటుంది, వయసు పైబడేకొద్దీ తగ్గుతుంది, కిడ్నీ జబ్బు వస్తే అన్నిటికన్నా ముందు ఇదే తగ్గుతుంది, ఇది ఎక్కువగా ఉన్న ఎలుకలు మామూలు వాటికన్నా ఎక్కువ కాలం బతికాయి, ఈ దారిన పోతే ముసలితనాన్నే కాస్త ఆగమనొచ్చు. వచ్చినవాళ్ళు తలలూపుతారు. అది బొత్తిగా లేని ఎలుకలు మాత్రం ఎలుకలమ్మ చేతుల్లో ఉంటాయి. పుట్టినప్పుడు తోటి పిల్లల్లాగే ఉంటాయి, తల్లి పాలు తాగి గెంతులేస్తాయి. మూడు వారాలు దాటగానే ఎదుగుదల ఆగిపోతుంది. వీపు వంగుతుంది, ఒళ్ళు ఎండుతుంది, ఎముకలు పుల్లలవుతాయి, రక్తనాళాల్లో సున్నం పేరుకుంటుంది. పిల్లలుగా ఉండగానే ముసలివైపోయి రాలిపోతాయి. మూత తీసి వేలు పెడితే పరుగెత్తుకొచ్చి వాసన చూడాల్సింది, ఓ మూల ముడుచుకుని రొప్పుతూ ఉంటుంది. అది చూడ్డం ఆమెకి అలవాటైపోయింది. ఇన్నేళ్ళయినా అలవాటు కానిది ఇంకొకటుంది. ప్రయోగాలకి మగ ఎలుకలే పనికొస్తాయి. ఆడవాటి ఒంట్లో హార్మోన్లు పైకీ కిందికీ అవుతుంటాయి, లెక్క చెడిపోతుంది అంటాడు పెద్దసారు. ఆడవి ఈనడానికి. ఈనీ ఈనీ ఇంక చేతకాని రోజున వాటి పెట్టె మీది చీటీ తీసేస్తారు, అంటే ఇంక వాటిని చంపేయడమే. ఆ చీటీ తీసేది కూడా ఆమే.

అత్తగారికి కిడ్నీ మార్పిడి చేస్తేనే మంచిదని డాక్టరు చెప్పాక వచ్చిన ఆదివారం ఆడపడుచు ఇంటికొచ్చింది. టీలయ్యాయి. ఆమె వంటింట్లో కప్పులు కడుగుతోంది. హాల్లో మాటలు మెల్లగా వినబడుతున్నాయి, కుళాయి కట్టేయగానే అవి కూడా ఆగిపోయాయి. చేతులు తుడుచుకుంటూ వస్తే ముగ్గురూ ఆమె వంకే చూస్తున్నారు, అత్తగారు, ఆడపడుచు, భర్త. భర్త లేచి ఆమెకి కుర్చీ లాగాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన ఆమెకి కుర్చీ లాగడం చుట్టాల ముందు ఫొటోకి నిలబడ్డప్పుడు తప్ప ఎప్పుడూ జరగలేదు, అందుకే ఆమె కూర్చోలేదు.

"అమ్మకి మనింట్లోంచే ఇద్దామనుకుంటున్నాం," అన్నాడు భర్త.

"మంచిదే కదండీ. ఎవరిది?" అంది. ఆమె నిజంగా తెలియకే అడిగింది.

ఆడపడుచు బల్ల మీది బిస్కెట్ పొడిని వేలితో ఒక దగ్గరికి చేరుస్తూ, "ఒక్క కిడ్నీతో కూడా హాయిగా బతకొచ్చట కదా వదినా. నువ్వేగా చెప్పావు," అంది.

అవును, తనే చెప్పింది. అత్తగారు భయపడి ఏడుస్తుంటే, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, అలా ఇచ్చినవాళ్ళు చాలామంది మామూలుగానే ఉంటారండీ అని చెప్పింది. ఓదార్పుకి చెప్పిన మాట తన మెడకే చుట్టుకుంటుందని అప్పుడు తెలీదు. ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు కారణాలు చెప్పుకొచ్చారు. భర్తకి సైట్ల మీద తిరిగే పని, మెట్లెక్కాలి, దిగాలి, పైగా ఈ ఏడే ప్రమోషన్. ఆడపడుచుకి ఇద్దరు పిల్లలు, రేపు ఏదైనా అయితే వాళ్ళ గతేంటి. "నీకైతే ఆ బాధ లేదు కదా వదినా" అని ఆడపడుచు చాలా మెత్తగా అంది. పిల్లల్లేరన్న మాట ఆ ఇంట్లో ఇంతకుముందు ఆమెని పొడవడానికి పనికొచ్చేది, ఇప్పుడు ఆమె అర్హతల్లో చేరింది. పైగా ఆమెది ల్యాబ్‌లో కూర్చుని చేసే పనేనట. రోజంతా పెట్టెలు మోసి మోసి పాదాలు వాచి వచ్చే మనిషి ఆ మాట విని తన పాదాల వంక చూసుకుంది. ఇంట్లో ముగ్గురిదీ ఒకటే బ్లడ్ గ్రూపు, అత్తగారిదీ భర్తదీ ఆమెదీ. అది అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

"ఆలోచించుకో, తొందరేం లేదు," అన్నాడు భర్త. "బుధవారం టెస్టులకి వస్తావని చెప్పేశాను."

ఆ తర్వాత ఇల్లు మారిపోయింది. ఆమె మంచం దగ్గర ఒక నీళ్ళ సీసా వెలిసింది. నీళ్ళు బాగా తాగు, కిడ్నీలకి మంచిది, అన్నాడు భర్త. తలనొప్పికి మాత్ర వేసుకోబోతే చేతిలోంచి లాక్కున్నాడు, అవి కిడ్నీలకి మంచివి కాదు. ఏళ్ళ తరబడి అదే మాత్ర మింగి వంట చేస్తే ఆయనకి కనబడలేదు. ఆడపడుచు రోజూ ఫోన్ చేసి, తిన్నావా వదినా, పడుకున్నావా వదినా అంటోంది. అత్తగారు తను తినకూడని పళ్ళు చూపించి "అమ్మాయికి పెట్టండ్రా, నీరసంగా ఉంది" అంటోంది. మొదటి రెండు మూడు రోజులు ఆమెకి కళ్ళు చెమర్చాయి, అబద్ధం ఎందుకు. ఎండలో నడిచినవాడికి ఎవరో నీళ్ళిస్తే ఎవరిచ్చారని చూస్తాడా. తర్వాత మెల్లగా తెలిసింది, ఈ శ్రద్ధంతా నడుము వెనకాల, కాస్త ఎడమవైపు, పిడికిలంత ఉన్న ఒక వస్తువుది. ఆమె దాన్ని మోస్తున్న సంచి. సంచి జారిపోకుండా, చిరిగిపోకుండా చూసుకుంటున్నారు, అంతే.

సరిగ్గా అప్పుడే ల్యాబ్‌లో రక్తం తక్కువైంది. కిడ్నీ రోగుల రక్తంలో క్లోతో ఎంతుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఎంతుంది అని పోల్చి చూసే పని జరుగుతోంది. రోగులు బోలెడుమంది దొరికారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు దొరకలేదు. ఇలాంటప్పుడు ల్యాబ్‌లో ఒక పాత అలవాటుంది, ఉన్న స్టాఫంతా పరగడుపున వచ్చి తలా కాస్త రక్తం ఇచ్చేస్తారు, వాళ్ళే ఆరోగ్యవంతులు. అందరి దగ్గరా ఎలుకలమ్మే తీసింది, తన రక్తం మాత్రం వసపిట్ట చేత తీయించుకుంది. వసపిట్ట అంటే కొత్తగా చేరిన రీసెర్చ్ అమ్మాయి, నోరు మూతపడదు, అందుకే ఆ పేరు. సూది గుచ్చుతూ కూడా మాట్లాడుతూనే ఉంది. గొట్టాల మీద పేర్ల బదులు నంబర్లు వేశారు. మర్నాడు ఎలుకలమ్మ పరీక్ష చేసింది. అరచేతంత ప్లాస్టిక్ పలక, దాని నిండా చిన్నచిన్న గుంతలు, ఒక్కో గుంతలో ఒక్కొక్కరి రక్తరసం. చివర్లో మందు వేస్తే పసుపురంగు తేలుతుంది. ప్రోటీన్ ఎక్కువుంటే చిక్కటి పసుపు, తక్కువుంటే వెలిసిపోయిన పసుపు. ఆరోగ్యవంతుల వరసంతా చక్కగా పసుప్పచ్చగా తేలింది, మధ్యలో ఒక్కటి నీళ్ళలా ఉంది. రోగి గొట్టం ఒకటి ఈ వరసలో పడ్డట్టుందే అని వసపిట్ట నంబరు చూసి, తలెత్తి, మొదటిసారి ఏం మాట్లాడకుండా నిలబడింది.

"నాదా?" అంది ఎలుకలమ్మ.

పెద్దసారు నవ్వేశాడు. నీ చెయ్యి వణికుంటుంది ఎలుకలమ్మా, ఇంట్లో పేషెంటు, నిద్ర లేదు, నాకు తెలుసుగా, మళ్ళీ చెయ్యి అన్నాడు. పని వేళ అయిపోయాక ఉండి మళ్ళీ చేసింది. అదే వచ్చింది. వసపిట్ట చేత చేయించింది. అదే వచ్చింది. అప్పుడు పెద్దసారు కంప్యూటర్ తెర మీద ఆ ఒక్క చుక్కనీ వేలితో చూపించి, "ఇదొక్కటీ గ్రాఫ్ మొత్తాన్నీ కిందికి లాగేస్తోంది, తీసెయ్" అన్నాడు. కాసేపు ఆలోచించి, అసలు ఈసారికి ఆడవాళ్ళ శాంపిళ్ళన్నీ పక్కన పెట్టేద్దాం, శుభ్రంగా ఉంటుంది అన్నాడు.

"నాకెందుకు అంత తక్కువుంది సార్?" అని అడిగింది.

"నిన్ను చదవడానికి మనకి గ్రాంటు రాలేదమ్మా," అన్నాడు పెద్దసారు, తన జోకుకి తనే నవ్వుకుంటూ.

ఆమె కూడా నవ్వింది. ఎవరి మీద వేసిన జోకైనా పెద్దవాళ్ళు నవ్వితే నవ్వాలని ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు. మధ్యాహ్నం డబ్బాలు తెరుచుకుని కూర్చున్నప్పుడు వసపిట్ట ఊపిరాడకుండా చెప్పుకుపోయింది, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని ఏళ్ళ తరబడి సాకే తల్లుల మీద ఎవరో పరిశోధన చేశారు మేడమ్, ఒత్తిడి బాగా ఎక్కువున్న తల్లుల్లో ఇదే ప్రోటీన్ తక్కువుందట, అంటే మీ ఇంటి చాకిరీ మీ రక్తంలో కనబడుతోంది మేడమ్, రుజువు మేడమ్ ఇది. ఒక్క మనిషి రక్తంతో ఏదీ రుజువు కాదని ఎలుకలమ్మ అంది. ఆ మాత్రం ఆమెకి తెలుసు, చదువు సగమే అయినా. కానీ లోపల ఎక్కడో ఒక కిటికీ తెరుచుకున్నట్టయింది. తక్కువుంది. కిడ్నీలో తయారయ్యేది ఆమెలో తక్కువుంది. అలాంటి మనిషి కిడ్నీ ఎవరు తీసుకుంటారు. తను వద్దనక్కర్లేదు, తన రక్తమే వద్దంటోంది. ఇంటికెళ్ళే బస్సులో కిటికీకి తల ఆనించుకుని, తన ఒంట్లో ఏదో లోపం ఉందన్న సంగతికి అంత సంతోషపడుతున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే సంతోషపడింది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పింది, నాకు ప్రోటీన్ బాగా తక్కువుందండీ అని. భర్త చెయ్యి ఆగిపోయింది. "అయ్యో, మరి ముందే చెప్పవేం" అన్నాడు. ఆయన అంత ఆదుర్దాపడేసరికి ఏ ప్రోటీనో చెప్పడమే మర్చిపోయింది. మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ పెద్ద డబ్బా ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు. ప్రోటీన్ పౌడరు. డబ్బా మీద కండలు తిరిగిన మగవాడి బొమ్మ. రోజూ రెండుసార్లు పాలల్లో కలుపుకుని తాగాలట. ఖరీదైనదేనట, షాపువాడిని గుచ్చి గుచ్చి అడిగి తెచ్చాడట.

"ఇది తిండిలో వచ్చే ప్రోటీన్ కాదండీ. వేరే," అంది.

"ఏదైతేనేం, ప్రోటీన్ ప్రోటీనే. ఆపరేషన్ లోపు కాస్త ఒళ్ళు చేయాలి నువ్వు."

"ఇంకో రెండు గుడ్లు కూడా పెట్టు దానికి," అని లోపల్నుంచి అత్తగారు అంది. ఆ గుడ్లు ఉడకబెట్టుకున్నది ఎవరో చెప్పక్కర్లేదు.

డయాలసిస్ గదిలో అత్తగారి మంచం కిటికీ పక్కన. సన్నని గొట్టాల్లోంచి రక్తం బయటికొచ్చి, మెషిన్‌లోకి పోయి, మళ్ళీ ఒంట్లోకి వస్తూ ఉంటుంది. కోడలు ఎప్పుడూ కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుంటుంది. ఆ రోజు అత్తగారు చాలాసేపు పైకప్పు వంక చూసి, నీకు నా మీద కోపంగా ఉందా అమ్మాయ్ అంది. దేనికండీ అంది కోడలు. "నీకు ఇష్టం లేకపోతే వద్దులే అనాలి నేను. పెద్దదాన్ని కదా. అనలేకపోతున్నాను. నాకు బతకాలనుంది." ఆవిడ నోట అంత సూటి మాట కోడలు ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ ఉప్పు లేదు, దుప్పటి పొట్టిది, నీకు కొంగు సర్దుకోవడం రాదు, ఇవే. ఆ పూట ఆవిడ మీద నిజంగానే జాలేసింది. ఆవిడ కూడా ఒక ఇంట్లో అందరి ఎంగిలి కంచాలూ కడిగి, మిగిలింది తిని, కాళ్ళు వాచినా పైకి చెప్పుకోకుండా, చూపించుకునేసరికి కిడ్నీలు పోగొట్టుకున్న మనిషే. ఆ జాలిలోనే, చాలా మెల్లగా అడిగింది.

"మీ అబ్బాయినెప్పుడైనా అడిగారా అత్తయ్యా?"

"వాడినా?" అత్తగారు తల తిప్పి చూసింది, అర్థం కానట్టు. "వాడి పొట్ట కోస్తుంటే నేను చూడగలనా. నా కొడుకమ్మా వాడు."

ఆ మాట బయటికొచ్చాక గానీ అందులో ఏముందో ఆవిడకి తెలియలేదు. తెలిశాక కళ్ళు మూసుకుంది. చలేస్తోంది, ఆ దుప్పటి కాస్త పైకి లాగు అంది. కోడలు లేచి దుప్పటి భుజాల దాకా లాగి, అంచు మెడ కింద దోపింది.

పరీక్షలన్నీ అయిపోయాక చివరిగా హాస్పిటల్‌కి పిలిచారు. అందరూ వెళ్ళారు, అత్తగారు చక్రాల కుర్చీలో, ఆడపడుచు ఆఫీసుకి సెలవు పెట్టి, భర్త ఫైలు పట్టుకుని. డాక్టరు ఆమెని ఒక్కదాన్నే ముందు లోపలికి పిలిచి స్కాన్లు చూపించాడు. కిడ్నీలు రెండూ భేషుగ్గా ఉన్నాయన్నాడు, మీ అత్తగారు అదృష్టవంతురాలు అన్నాడు. ఆమె క్లోతో సంగతి చెప్పింది. డాక్టరు ఆసక్తిగానే విన్నాడు, అది ఇంకా పరిశోధనలో ఉన్న విషయమండీ, దాన్ని చూసి మేం దాతల్ని వద్దనం, మాకు కావలసిన కొలతలన్నీ బాగున్నాయి అన్నాడు. పెద్దసారు గ్రాఫ్‌లోంచి తీసేసిన చుక్కని ఈయన కూడా మర్యాదగా తీసేశాడు. బస్సులో తెరుచుకున్న ఆ కిటికీ అంతే మర్యాదగా మూసుకుంది.

ఇంకొక్క గది మిగిలిందన్నారు. కిడ్నీ ఇచ్చేవాళ్ళతో కౌన్సెలర్ ఒంటరిగా మాట్లాడాలి, అది అక్కడి నియమం. భర్త కూడా లేచాడు, నేనూ వస్తాను మేడమ్, తనకి సరిగ్గా మాట్లాడ్డం రాదు అని. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దావిడ కళ్ళజోడు పైనుంచి ఆయన్ని చూసి, ఫరవాలేదు, నాకు వినడం వచ్చు, మీరు బయట కూర్చోండి అంది. తలుపు మూసి గడియ పెట్టింది. చిన్న గది. బల్ల, రెండు కుర్చీలు, కాగితం రుమాళ్ళ పెట్టె. ఆవిడ ఫైలు మూసి పక్కన పెట్టేసింది.

"మీకు ఇష్టమేనా?"

ఎలుకలమ్మకి ప్రశ్న అర్థం కాలేదు. చెవికి వినబడింది, లోపలికి దిగలేదు. ఎవరైనా చివరిసారి తనని ఈ మాట ఎప్పుడడిగారా అని వెతుక్కుంది ఆమె, చదువు ఆపేటప్పుడా, ఆ ఉద్యోగంలో చేరేటప్పుడా, అంతకు ముందా, ఎంత దూరం వెళ్ళినా ఏమీ తగల్లేదు. "నీకేం ఇబ్బంది లేదు కదా" అని అడిగారు, "నీకు ఓకే కదా" అన్నారు. అవి ప్రశ్నలు కావు, దారికి అడ్డు తప్పుకోమని చెప్పడం.

కౌన్సెలర్ కాస్త ముందుకి వంగి, గొంతు తగ్గించి చెప్పింది. ఇక్కడ మీరేం చెప్పినా బయటికి పోదు. మీకు ఇష్టం లేకపోతే మీరు సరిపోరని మాత్రమే చెప్తాం, ఎందుకని ఎవరడిగినా చెప్పం. మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనరు. ఈ కుర్చీలో కూర్చున్న ఆడవాళ్ళు చాలామంది అలాగే వెళ్ళారు.

ఎంత హాయైన మాట. ఒక్క తలూపు చాలు. సరిపోలేదట అని ఇంటికెళ్ళిపోవచ్చు. భర్త "ప్చ్, ఏం చేస్తాం" అంటాడు, అత్తగారు "దాని మనసు మంచిదే, దాని ఒళ్ళే ఒప్పుకోలేదు" అంటుంది. ఇచ్చే మనసుండి ఇవ్వలేకపోయిన కోడలుగా ఆ ఇంట్లో ఎప్పటికీ గౌరవంగా ఉండొచ్చు. పౌడరు డబ్బా మాత్రం అరలో మిగులుతుంది. ఆమె ఆ దారిన నాలుగడుగులు వేసి చూసింది కూడా. సరిపోలేదంటే ఏమవుతుంది? అది విధి అవుతుంది. విధికి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు, ఆ ముసలావిడ వారానికి మూడుసార్లు అదే మంచం మీద పడుకుని, ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళు చనిపోతే వచ్చే కిడ్నీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, కోడలు బంగాళాదుంపల నీళ్ళు పారబోస్తూ ఉంటుంది. భర్త మాత్రం ఎవరూ ఏమీ అడగని మనిషిగా హాయిగా సైట్ల మీద తిరుగుతూ ఉంటాడు. ఇన్నాళ్ళూ తను చేసింది ఇదే కదా. వెళ్ళడం ఇష్టం లేని చోటికి తలనొప్పి అంది, చేయడం ఇష్టం లేని పనికి ల్యాబ్‌లో పనుంది అంది. ఒక్కసారి కూడా నాకు ఇష్టం లేదు అనలేదు. మొన్న కూడా తన తరఫున తన రక్తం మాట్లాడుతుందేమో అని ఆశపడింది. ఆ రక్తమే నిండుగా ఉండుంటే? చిక్కటి పసుపు తేలుంటే? అప్పుడు ఇవ్వాల్సిందేనా? తన ఒళ్ళు బాగుంటే అది వాళ్ళది, పాడైతేనే తనదా?

"నాకు ఇష్టం లేదు," అంది. చాలా మామూలుగా వచ్చింది గొంతు. ఆమెకే ఆశ్చర్యమేసింది.

"సరే. అయితే సరిపోలేదని నేను బయట చెప్తాను."

"వద్దండీ. సరిపోయిందనే చెప్పండి. మిగతాది నేను చెప్పుకుంటాను."

కౌన్సెలర్ లేచి గడియ తీసింది.

బయట ముగ్గురూ లేచి నిలబడబోయారు, అత్తగారు నిలబడలేక కుర్చీ చేతులు పట్టుకుంది. ఏమన్నారు అని భర్త అడిగాడు. రెండు కిడ్నీలూ బాగున్నాయట, సరిపోతాయట అంది. ఆడపడుచు హమ్మయ్య అని వాళ్ళమ్మ భుజం నొక్కింది. భర్త అప్పుడే ఫోన్ తీసి ఎవరికో చెప్పబోతున్నాడు.

"నేను ఇవ్వట్లేదు," అందామె.

"అంటే? డాక్టర్లు వద్దన్నారా?"

"లేదు. నన్ను అడిగారు. నేను వద్దన్నాను."

వరండాలో నర్సు ఒకామె ట్రాలీ తోసుకుంటూ వాళ్ళ మధ్యలోంచి వెళ్ళింది. భర్త అటూ ఇటూ చూసి, పళ్ళ బిగువున, ఇంటికి పద, ఇక్కడ కాదు మాట్లాడేది అన్నాడు. ఆడపడుచు వదినా అని, వాళ్ళమ్మ చక్రాల కుర్చీ గట్టిగా పట్టుకుంది. ఎలుకలమ్మ కౌన్సెలర్ గది తలుపు దగ్గరికెళ్ళి, అది మూసుకుపోకుండా చేత్తో పట్టుకుని భర్త వైపు తిరిగింది.

"ఆవిడ లోపలే ఉంది, మీరు వెళ్ళండి. అమ్మకి ఇవ్వడం మీకు ఇష్టమో కాదో అడుగుతుంది. వద్దన్నా బయట ఎవరికీ చెప్పదట, భయపడకండి."

చక్రాల కుర్చీలోంచి అత్తగారు మెల్లగా తల తిప్పి, ఏమంటాడో అని కొడుకు మొహంలోకి చూసింది.